పై పన్ను తీసే ముందు

మొన్న సాయంత్రం శంషాబాద్ బస్టాండు దగ్గరి బేకరీలో నిలబడి ఉన్నాను. కేకు కోసే ఆయన చేతికి రబ్బరు తొడుగు లాగి తొడుక్కున్నాడు. మణికట్టు దగ్గర అది ఠప్‌మని కొట్టుకుంది. వెంటనే ఆ పొడి పొడి రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. అంతే, నా నడుం దానంతట అదే నిటారైంది. పళ్ళెం సర్దానా, దూది పెట్టానా అని కళ్ళు వెతుక్కోబోయి, ఎదురుగా క్రీము పువ్వులు కనపడేసరికి నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ళపాటు ఆ చప్పుడుతోనే నా పని మొదలయ్యేది. అప్పట్లో ఆ తొడుగులు వేసుకునే మనిషి ఇప్పుడు లేదు. కేకు పెట్టె చేత పట్టుకుని ఆటో ఎక్కాక ఆమెనే తలచుకుంటూ కూర్చున్నాను.

ఆమె పేరు వసుంధర. తెనాలి వైపు నుంచి వచ్చి మా శంషాబాద్‌లో పళ్ళ దవాఖాన పెట్టుకున్న డాక్టరు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరికీ డాక్టరమ్మ. మందుల షాపు పైన రెండు గదులు, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సిన ఇరుకు మెట్లు. డిగ్రీ అయ్యాక నేను విమానాశ్రయంలో ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్ళి, ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు కూడా పెగలక, మొహం మాడ్చుకుని ఇంటికొచ్చిన దాన్ని. ఏదో ఒకటి దొరికేదాకా కొన్నాళ్ళు చేద్దాంలే అని ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. ఆమె దవాఖాన మూసేసిన రోజున తాళం వేసింది కూడా నేనే.

ఆమె పనిచేసే తీరు చెబితే మీకు కొంచెం వింతగా ఉంటుంది. మా తల మీదుగా విమానాలు దిగేటప్పుడు కిటికీ అద్దాలు జిర్రుమనేవి. ఆ మోత మొదలవగానే ఆమె రోగి నోట్లోంచి చేతులు తీసేసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాకేమో ప్రాణం విసిగిపోయేది. బయట జనం, లోపల ఈ మౌనవ్రతం! ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, "విమానం మన నెత్తిన పడదు కదమ్మా, కానియ్యొచ్చు కదా?" అని. "నేను చెప్పేది ఆయనకు వినపడదు. ఆయన వద్దన్నా నాకు వినపడదు. అట్లాంటప్పుడు నోట్లో చెయ్యి పెట్టకూడదు" అంది. నొప్పి ఉండదన్న మాట ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. "సూది చురుక్కుమంటుంది. కాసేపటికి మొద్దుబారుతుంది. చెయ్యి ఎత్తితే ఆపేస్తాను" అనేది. చెయ్యి ఎత్తితే నిజంగానే ఆపేది. మొదట భయంతో ఊరికే ఎత్తి చూసేవాళ్ళు. ఆమె ఆపడం చూశాక మళ్ళీ ఎత్తేవాళ్ళు కాదు.

ఆ ఇరుకు మెట్లెక్కి మనుషులతో పాటు మాటలు కూడా వచ్చేవి. నొప్పి తగ్గింది కాబట్టి పన్ను బాగైపోయిందనేవాళ్ళు. పాలపళ్ళు ఎట్లాగూ ఊడేవే, పుచ్చితే ఏమనేవాళ్ళు. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ డాక్టరు గడప తొక్కితే బిడ్డకు మంచిది కాదనేవాళ్ళు. రంజాన్ నెలలో ఉపవాసమున్న ఒకావిడ చెంప పట్టుకుని వచ్చి, "డాక్టర్ సాబ్, రోజా ఉన్న. నోట్ల మందు వడితే రోజా పోతదంటున్నరు, నొప్పి చూస్తే జాన్ పోతున్నది" అని ఏడ్చింది. ఇంకొకరైతే ఏం కాదులే కూర్చో అనేవారు. డాక్టరమ్మ మాత్రం, "నొప్పి సంగతి నాకు తెలుసు. రోజా సంగతి నాకు తెలీదు, మీ పెద్దలను అడగండి. ఇఫ్తార్ చేసి వస్తానంటే నేను ఉంటాను" అంది. అన్నట్టే ఆ సాయంత్రం ఇంటికి పోకుండా కూర్చుంది. ఆవిడ నోరు కడుక్కుని, ఖర్జూరాల పొట్లం ఒకటి పట్టుకుని మరీ వచ్చింది.

ఇంకో రోజు మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఒకాయన కోపంగా పైకొచ్చాడు. వారం కిందట పళ్ళకు గార తీయించుకుని పోయిన మనిషి. "ఏందమ్మా గిది? మీరు సాఫ్ జేసినంక పండ్ల నడుమ సందులు వడ్డయ్. నీళ్ళు తాగితే జివ్వుమంటున్నది. గట్టిగున్న పండ్లను వదులు జేసిండ్రు" అని ఎగిరాడు. నాకు నవ్వాగలేదు. డాక్టరమ్మ నావైపు ఒక్క చూపు చూసి, ఆయన చేతికి అద్దం ఇచ్చింది. "మీకు సందులు కనపడుతున్న మాట నిజమే. అవి ఇంతకుముందే ఉన్నాయి, గార పేరుకుని పూడిపోయాయి. గార కింద చిగుళ్ళు తగ్గిపోయి పన్ను మొదలు బయటపడింది, అందుకే జివ్వుమంటుంది. కొన్నాళ్ళకు తగ్గుతుంది. తగ్గకపోతే రండి, చూస్తాను" అంది. ఆయన చాలాసేపు అద్దంలో నోరు చూసుకుని, "మరి గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొచ్చు గదమ్మా" అన్నాడు. "చెప్పాల్సింది. నాదే పొరపాటు" అంది. ఆయన చల్లబడి మెట్లు దిగాక నాకు పడ్డాయి అక్షింతలు. "వాళ్ళు చూసింది అబద్ధం కాదు సుజాతా. కారణం దగ్గర దారి తప్పారు, అంతే. నువ్వు నవ్వావంటే, చూసింది కూడా మనకు చెప్పడం మానేస్తారు" అంది.

వీటన్నిటికీ తాత లాంటి మాట ఒకటుంది. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని. చదువుకున్నవాళ్ళు, విమానాశ్రయంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని ఆమె చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు. పై పన్ను తీసే ముందు ప్రతి ఒక్కరినీ కిటికీ దగ్గర నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని ఎదురుగా ఆగిన బస్సు మీది బోర్డు చదవమనేది. తర్వాత రెండో కన్ను మూసుకుని. పన్ను తీశాక మళ్ళీ అదే. "మీ చూపు మీతోనే ఉంది, చూసుకుని ఇంటికి పోండి" అనేది. పక్క వీధి డాక్టరు, మీరు అద్దాల షాపు కూడా పెట్టండమ్మా అని ఆటపట్టించేవాడు. నేనూ లోలోపల గొణుక్కునేదాన్ని. బోర్డు చదివే పనితో ఎంత ఆలస్యం!

ఇంతలో మా బాపుకే వచ్చింది తంటా. మా బాపు పేరు మల్లయ్య. కూరగాయలు పండించి శంషాబాద్ మార్కెట్‌కు తెచ్చే మనిషి. మొండితనంలో ఆయనను మించినవాడు మా ఊళ్ళో లేడు. పైన కుడివైపు కోరపన్ను పుచ్చింది. నేను పళ్ళ డాక్టరు దగ్గరే పనిచేస్తున్నానా, ఈ మనిషి మాత్రం లవంగం కొరుకుతూ, పొగాకు అద్దుతూ తిరిగేవాడు. ఊళ్ళో నన్ను చూసి నవ్వేవాళ్ళు, తండ్రి పన్ను బాగుచేయలేనిది లోకం పళ్ళు బాగుచేస్తదట అని. బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. "నాకు నా కండ్లు గావాలె. నన్నిడువు" అనేవాడు తప్ప కదిలేవాడు కాదు. చెంప వాచింది. మా అమ్మ ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. ఆ వేడికి వాపు ఇంకా పెరిగి పైకి పాకి, కుడి కన్ను సగం మూసుకుపోయింది.

అప్పుడు మా తమ్ముడు శ్రీను తన తెలివి చూపించాడు. కంటి దవాఖానకు పోదాం బాపూ, కన్ను చూపిద్దాం అని చెప్పి బండి ఎక్కించుకుని సరాసరి మా మెట్ల దగ్గర దింపాడు. అంతకుముందెప్పుడూ అక్కడికి రాని బాపు పైకొచ్చి, కుర్చీ చూశాడు, నన్ను చూశాడు, మొహం రాయి చేసుకున్నాడు. డాక్టరమ్మ తొడుగులు వేసుకుని వచ్చి, "మల్లయ్య గారూ, ఇది పళ్ళ ఆసుపత్రి అని తెలిసే వచ్చారా?" అని అడిగింది. శ్రీను వెనక నుంచి చెప్పొద్దని సైగ చేస్తున్నాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. ఆమె తొడుగులు తీసేసింది. "అబద్ధం చెప్పి తీసుకొచ్చిన మనిషి నోరు నేను తెరవను. ముందు ఆయనతో నిజం మాట్లాడండి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మొహం చూడండమ్మా ఎట్లా ఉబ్బిందో! ఇప్పుడు కూడా మీ నియమాలేనా?" అని అరిచాను. "అందుకే తొందరగా మాట్లాడమంటున్నాను" అంది. ఈలోగా బాపు టక్కున వెనక్కి తిరిగి, గోడ తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన వెనకే ఆమె దిగింది. కింద చాయ్ హోటల్ ముందు బల్ల మీద బాపు కూర్చున్నాడు. ఆమె పోయి పక్కన కూర్చుంది. నేనూ శ్రీను దొంగల్లాగా వెనక నిలబడ్డాం. "నేను మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను. ఆ పన్ను కింద చీము ఉంది. అది కంటివైపు ఎక్కుతోంది. వదిలేస్తే కన్నుకు ప్రమాదం, ప్రాణానికి కూడా ప్రమాదం. కానీ మీరు ఒప్పుకోకుండా నేను ముట్టను. మీ భయం ఎక్కడ మొదలైందో చెప్పండి" అంది.

బాపు తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఇంట్లో మాకెవరికీ ఎన్నడూ చెప్పని సంగతి. "మా అక్క ఉన్నది డాక్టరమ్మా, మంఖాల్ల. నన్ను సాదింది ఆమెనే. నాకు మీసాలొచ్చే ఈడుల అక్కకు పంటినొప్పి లేసింది. వద్దురా తమ్మీ అంటనే ఉన్నది. నేనే గుంజుకపోయి పన్ను పీకిపిచ్చిన. గా నెలలనే కన్ను వోయింది. నేను జేసిందే గది. ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలే. ఇగ నా కన్ను గూడ వోతె, ఎవలకు జెప్పుకోవాలె?" అన్నాడు. మా మేనత్తకు ఎడమ కన్ను కనిపించదని మాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతేనేమో అనుకున్నాం. ఆ కన్ను తన వల్లే పోయిందన్న బరువును బాపు ఇన్నేళ్ళూ మోస్తున్నాడని ఎవరం కలగన్నాం?

నాకు తెలిసిన డాక్టర్లెవరైనా అక్కడ, అట్లా ఏం కాదు, మూఢనమ్మకం అనేసేవారు. ఆమె అనలేదు. "మీ అక్క చూపు పోయింది నిజమే కదా. దాన్ని నేను కాదనను. మరి మీ కళ్ళు ఇప్పుడెట్లా ఉన్నాయి?" అని అడిగింది. "ఇప్పటికే మసకలు గమ్ముతున్నయ్. పక్కన మనిషొచ్చి నిలవడ్డా కనవడ్తలేదు. పన్ను పట్టేసింది నన్ను" అన్నాడు. ఆమె వాచిన కుడి కంటి రెప్పను తన వేళ్ళతో మెల్లగా పైకెత్తి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకోమంది. ఎదురుగా ఆగిన బస్సు చూపించి, ఏ ఊరు అని అడిగింది. బాపు తడుముకోకుండా చదివేశాడు. "ఇప్పుడు ఇది మూసి, ఎడమ కంటితో" అంది. బాపు చూశాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు. బస్సు ఉందన్నాడు, అక్షరాలు కనపడటం లేదన్నాడు. ఆమె పక్కనుంచి చెయ్యి ఊపితే అసలు తెలియనే లేదు.

"మల్లయ్య గారూ, పన్ను కుడివైపు పాడైంది. ఎడమవైపు మీకు పంటి బాధ ఉందా?" అని అడిగింది. లేదన్నాడు. బాపు తనలో తాను అనుకున్నట్టు, "మరి గీ కన్ను ఏ పన్నుతోని వోయింది?" అన్నాడు. నవ్వొచ్చే మాటే గానీ ఎవరం నవ్వలేదు. ఆయన మొహం మారిపోతోంది. వేలితో తన కుడి చెంప తాకాడు, ఎడమ కన్ను తాకాడు. "మా అక్కది పన్ను గీ కుడి దిక్కే. వాపుకు గీ కన్నే మూసుకపోయింది. అగ, గప్పుడే అన్నది, తమ్మీ అంత చీకటైందిరా అని. వోయిన కన్ను గీ ఎడమ దిక్కుది" అన్నాడు. ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఇన్నేళ్ళలో మా ఊళ్ళో గానీ, మంఖాల్‌లో గానీ, ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. మంచి కన్ను వాపుతో మూసుకుపోయేసరికి, ఎప్పటి నుంచో మెల్లగా చూపు తగ్గుతున్న రెండో కన్ను బయటపడింది. అప్పుడు పన్ను పీకారు కాబట్టి నింద పన్ను మీద పడింది. బాపు ఆ బల్ల మీదే తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా బాపు ఏడవగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత తనంతట తానే మెట్లెక్కి, కానియ్యమని కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజే ఆమె చీము తీసి మందులు ఇచ్చింది, వాపు దిగాక పన్ను తీసింది. మధ్యలో విమానం వస్తే యథాప్రకారం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి నేను గొణగలేదు. అంతా అయ్యాక బాపు నోట్లో దూది పెట్టుకునే, "డాక్టరమ్మా, గప్పుడే ఎవలన్న గిట్ల అడిగి ఉంటే, మా అక్క కన్ను నిలుస్తుండెనా?" అన్నాడు. నేను ఆమె వైపు చూశాను. లేదు, ఎట్లాగూ పోయేదే అని అనొచ్చు కదా! ఆమె మాత్రం, "కంటి డాక్టరుకు చూపించి ఉంటే నిలిచేదేమో. ఖాయంగా చెప్పలేను" అంది. బాపు కళ్ళు మూసుకున్నాడు. ఆమె మీద నాకు అప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "కానీ ఆమెకు ఇంకో కన్ను ఉంది, మీకూ ఉంది. ఇట్లాంటివి ఒకే ఇంట్లో వస్తుంటాయి. రేపు పొద్దున్నే ఇద్దరూ పోండి" అని చీటీ రాసిచ్చింది.

బాపు తెల్లవారకముందే మంఖాల్ పోయి అత్తను వెంటబెట్టుకుని వచ్చాడు. కంటి ఆసుపత్రిలో ఇద్దరివీ నీటికాసులని తేల్చారు. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా, పక్కల నుంచి చూపును మెల్లగా తినేసే జబ్బట అది. పోయిన చూపు రాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో నిలుపుకోవాలి. అత్తకు మిగిలిన కంట్లో కూడా అప్పటికే మొదలైంది. ఆ వరండాలో కూర్చునే బాపు తన మనసులోది బయటపెట్టాడు. అత్త నోరు తెరుచుకుని విన్నది. "ఓరి పిచ్చోడా! గా నొప్పికి నేను బాయిల దుంకుదామనుకున్ననాడు నువ్వే గద దవాఖానకు గొంటవోయినవ్. నేను నిన్నెందుకంట?" అంది. "అనకపోతివి అక్కా. గదే నాకు పాణం మీదికొచ్చె" అన్నాడు బాపు. అత్త కొంగుతో ముందు ఆయన మొహం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది.

డాక్టరమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పనిచేసింది. ఒకరోజు కుర్చీలో మనిషి ఉండగానే పనిముట్టు కింద పెట్టేసి, "నా చెయ్యి వణుకుతోంది. ఇక మీ నోట్లో పెట్టకూడదు. వేరే డాక్టరు దగ్గరికి పంపిస్తాను" అంది. అలసటేమో అని అందరం సర్దిచెప్పబోయాం. వినలేదు. ఆ నెలాఖరుకే దవాఖాన మూసేసి తెనాలి వెళ్ళిపోయింది. పోయిన వానాకాలంలో కన్ను మూసిందని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు నేను వేరే దవాఖానలో పనిచేస్తున్నాను. అక్కడ నొప్పి ఉండదు ఉండదు అంటూనే సూది గుచ్చుతారు. చెయ్యి ఎత్తుతారేమో అని నేను రోగి చేతివైపే చూస్తుంటాను.

పోయిన నెల అత్తను పరీక్షకు తీసుకెళ్ళాను. బాపుకు ఒంట్లో బాగా లేక నన్ను పంపాడు. లోపల డాక్టరు మందు మార్చి, చూద్దాం అని మాత్రం అన్నాడు. బయటికొచ్చాక అత్త వరండాలో ఆగిపోయి, నా మొహానికి మొహం దగ్గరగా పెట్టి అడిగింది. "బిడ్డా, గీ కన్నన్న నేను సచ్చేదాక ఉంటదా?" ఉంటది అత్తా, నీకేం కాదు అనే మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ప్రేమ ఉన్నవాళ్ళందరం అనే మాటే కదా అది. మింగేశాను. "తెల్వదు అత్తా. కొంచెం తగ్గిందన్నడు. చుక్కలు ఇడువకుండ ఏసుకుంటే నిలవొచ్చు. నిలుస్తదని మాత్రం నేను జెప్పలేను" అన్నాను. అంటుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "చీకటైతున్నదని మొత్తుకుంటే అందరు గూడి ఏం గాదు ఏం గాదు అనుకుంటనే నా కన్ను తీసిండ్రు బిడ్డా. గప్పుడు మనింట్ల నీ అసొంటిది ఒక్కతన్న ఉంటే నాకు రెండు కండ్లుంటుండె" అంది. తర్వాత కొంగు సర్దుకుని, చెయ్యి ముందుకు చాపి, "పా, మెట్లేడున్నయో చూడు" అంది. నేను ఆమె ఎడమవైపుకు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.